హాఫ్లాంగ్ కొండల్లో జెమె నాగాలు: జటింగా పక్షుల కథకు మించి ఎవరికైనా ఏమైనా తెలుసా?

మైదానవాసి
హాఫ్లాంగ్ గురించి తెలుగులో దొరికే యాత్రా వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉన్నాయన్నది నా ఫిర్యాదు. అస్సాంలోని ఏకైక కొండ విడిది అంటూ మొదలుపెడతారు, ఊళ్లోని సరస్సు ఫొటో పెడతారు, ఆ వెంటనే పక్కనున్న జటింగాలో పక్షులు ఆత్మహత్య చేసుకుంటాయని రాస్తారు. ఆ కథలో నాగాలు ఒకే ఒక్క వాక్యంలో కనిపిస్తారు. పక్షులను చూసి దయ్యాలనుకుని భయపడి ఊరు వదిలి వెళ్లిపోయారట. అంతటితో వారి ప్రస్తావన ముగుస్తుంది. మా అబ్బాయి సిల్చర్ ఎన్‌ఐటీలో చదువుతున్నాడు. డిసెంబరులో వాడిని చూడడానికి వెళ్లేటప్పుడు దారిలో హాఫ్లాంగ్‌లో ఆగాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. అక్కడి నాగాలు ఎవరు, నాగాలాండ్‌లో కాకుండా అస్సాంలో ఎందుకున్నారు, వారి చరిత్ర ఏమిటి అన్నవి తెలుసుకోకుండా ఆ ఊరు చూసి రావడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరంగా రాయగలరా?

బరాక్_లోయ
నేను అదే కళాశాలలో చదివాను. నా సహాధ్యాయి ఒకడు హాఫ్లాంగ్ పక్కనే ఉన్న బొరో హాఫ్లాంగ్ అనే జెమె గ్రామంవాడు కావడం వల్ల సెలవుల్లో వారింట్లో ఉండే అవకాశం కలిగింది. అందువల్ల నాకు తెలిసినంత రాస్తాను.

హాఫ్లాంగ్ దిమా హసావ్ జిల్లాకు ముఖ్య పట్టణం. ఈ జిల్లాను 2010 వరకు ఉత్తర కచార్ కొండల జిల్లా అనేవారు. 2011 జనగణన ప్రకారం జిల్లా మొత్తం జనాభా దాదాపు 2,14,000, అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణంలో ఉండే జనం మాత్రమే. అందులో దిమాసాలది పెద్ద సంఖ్య. వారితో పాటు జెమె నాగాలు, హ్మార్లు, కుకీలు, కార్బీలు, బియాతేలు, హ్రాంగ్‌ఖోల్‌లు, జైంతియాలు ఉన్నారు. జెమెలు ఈ ఒక్క జిల్లాకే పరిమితమైనవారు కారు. బరాయిల్ పర్వత శ్రేణికి అటు నాగాలాండ్‌లోని పెరెన్ జిల్లాలోనూ, మణిపూర్‌లోని తమెంగ్‌లాంగ్ వైపునా వారి గ్రామాలున్నాయి. కొండలు ఒకటే, మనుషులు ఒకటే, రాష్ట్రాల సరిహద్దులు తరువాత వచ్చాయి. జెమె, లియాంగ్మై, రోంగ్మై తెగలు తమను తాము దగ్గరి జ్ఞాతులుగా భావించి ఆ మూడు పేర్లనూ కలిపి జెలియాంగ్‌రాంగ్ అని చెప్పుకుంటాయి. కాబట్టి అస్సాంలో నాగాలు ఎందుకున్నారని అడగడం కంటే, ఆ కొండలను మూడు రాష్ట్రాలకు ఎలా పంచారని అడగడం సరైనదని నా అభిప్రాయం.

పాఠకురాలు_విజయనగరం
నాగా అంటే ఒకే తెగ, ఒకే భాష అని ఇన్నాళ్లూ పత్రికల్లో చదివిన దాన్నిబట్టి అనుకునేదాన్ని. అంగామీలు, ఆవోలు, సేమాలు వేరని ఈ మధ్యనే తెలిసింది. జెమె పేరు ఇప్పుడే వింటున్నాను. వారి భాష అంగామీలకు అర్థమవుతుందా?

బరాక్_లోయ
అర్థం కాదు. నాగా భాషలన్నీ టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినవే అయినా, ఒక తెగ మాట మరో తెగకు తెలియకపోవడమే ఎక్కువ. నాగాలాండ్‌లో తెగల మధ్య నాగామీస్ వాడుకలో ఉంటే, హాఫ్లాంగ్‌లో ఆ పనిని హాఫ్లాంగ్ హిందీ చేస్తుంది. లింగ భేదాల బాధ లేని, చాలా సరళమైన హిందీ అది. సంతలో ఒక దిమాసా రైతు, ఒక జెమె గృహిణి, ఒక హ్మార్ వ్యాపారి అందులోనే బేరమాడుకుంటారు. మన హైదరాబాదు హిందీ వచ్చినవారికి అక్కడ ఇబ్బంది ఉండదు.

చరిత్రాభిమాని
అసలు వ్యక్తి పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. హాఫ్లాంగ్ జెమెల చరిత్రను రాణి గైడిన్‌ల్యూను వదిలి చెప్పలేము.

ఆమె పుట్టుకతో రోంగ్మై నాగా. 1915 జనవరి 26న నేటి తమెంగ్‌లాంగ్ ప్రాంతంలో జన్మించారు. ఆమె బంధువు హైపౌ జడోనాంగ్ తమ పాత మతాన్ని సంస్కరించి, లెక్కలేనన్ని బలులను, నిషేధాలను తగ్గించి, బ్రిటిష్ వారికి ఇంటి పన్ను కట్టవద్దని, వెట్టిచాకిరీ చేయవద్దని ప్రచారం చేశాడు. కొందరు మణిపురి వర్తకుల హత్య కేసులో ఆయనను దోషిగా తేల్చి 1931 ఆగస్టు 29న ఇంఫాల్‌లో ఉరితీశారు. పదహారేళ్ల గైడిన్‌ల్యూ ఉద్యమాన్ని చేతిలోకి తీసుకుని ఉత్తర కచార్ కొండల్లోకి వచ్చింది. అక్కడ ఆమెకు ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి, ఆమె మాట మీద యుద్ధానికి దిగినవారు జెమెలే. 1932 మార్చిలో హంగ్రుమ్ గ్రామంలోని అస్సాం రైఫిల్స్ శిబిరం మీద ఈటెలతో దాడి చేసి, తుపాకుల ముందు నిలవలేక ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఆ ఊరి, ఆ చుట్టుపక్కల మనుషులు. అదే సంవత్సరం అక్టోబరు 17న పులోమి గ్రామంలో ఆమె పట్టుబడింది. యావజ్జీవ శిక్ష పడింది. 1937లో షిల్లాంగ్ జైలులో నెహ్రూ ఆమెను కలుసుకుని రాణి అని సంబోధించారు. స్వాతంత్ర్యం వచ్చే వేళకు గానీ ఆమెకు విడుదల దొరకలేదు. 1982లో పద్మభూషణ్ ఇచ్చారు. 1993 ఫిబ్రవరి 17న మరణించారు.

మన అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి చేసింది 1922 ఆగస్టులో. పదేళ్లు కూడా తేడా లేని ఈ రెండు పోరాటాల్లో ఒకటి మన ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది, రెండోది ఎక్కడా లేదు. నా బాధ అది.

కొండదారి
చరిత్రాభిమాని గారి ఆవేదన అర్థమైంది కానీ ఆ పోలికను ఒక మేరకే ఒప్పుకుంటాను. అల్లూరి మన్యానికి బయటి నుంచి వెళ్లిన నాయకుడు, గైడిన్‌ల్యూ ఆ సమాజంలోనే పుట్టిన ప్రవక్త. జెమెలలో చాలామంది ఆమెను మొదట మత గురువుగా, దైవాంశ కలిగిన మనిషిగా చూశారు, రాజకీయ నాయకత్వం దాని వెంట వచ్చింది. ఆమెను స్వాతంత్ర్య సమరయోధురాలన్న ఒక్క గూట్లోనే పెడితే, ఆ కొండల మనుషులకు ఆమె ఎందుకు ముఖ్యమో మనకు తెలియకుండా పోతుంది.

చరిత్రాభిమాని
పన్ను కట్టవద్దన్నది, ప్రభుత్వ శిబిరం మీద దాడి చేయించినది, దాదాపు పదిహేనేళ్లు జైలులో గడిపినది. దీన్ని స్వాతంత్ర్య పోరాటం అనకపోతే ఇంకేమనాలి?

కొండదారి
అనవద్దని నేను అనలేదు. అది ఒక్కటే కాదంటున్నాను. స్వాతంత్ర్యం తరువాతి ఆమె జీవితం కూడా చూడండి. ఆమె నాగా జాతీయ మండలి కోరిన ప్రత్యేక దేశాన్ని వ్యతిరేకించి, భారత దేశంలోనే జెలియాంగ్‌రాంగ్ ప్రజలకు ఒక పాలనా విభాగం కావాలని అడిగారు. 1960లో ఆ మండలి వారి ఒత్తిడి తట్టుకోలేక తన అనుచరులతో అజ్ఞాతంలోకి వెళ్లి, 1966లో బయటకు వచ్చారు. ఆ కారణంగానే ఈనాటికీ నాగాలాండ్‌లోని కొందరికి ఆమె పేరు గిట్టదు. మన పాఠ్యపుస్తకంలో చేరిస్తే ఈ భాగాన్ని కూడా చేర్చాలి.

పాడేరు_వాసి
గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పై చర్చలో భూమి మాట రాలేదు కనుక అది చెప్పాలనిపించింది. ఏ కొండ తిరుగుబాటుకైనా వేరు భూమిలోనే ఉంటుంది.

జెమెలు చేసేది మనం పోడు అని పిలిచే సేద్యమే. అడవి నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి, ఆ నేలను తిరిగి అడవి కమ్మేదాకా వదిలిపెడతారు. అయితే జెమెలలో పొలంతో పాటు ఊరు కూడా తిరిగేది. చుట్టూ ఉన్న నేల అలసిపోయాక ఊరంతా లేచి తమదే అయిన మరో పాత స్థలానికి వెళ్లి, కొన్ని దశాబ్దాల తరువాత మళ్లీ మొదటి చోటికి వచ్చేవారు. వారి దృష్టిలో రెండు స్థలాలూ వారివే. బ్రిటిష్ అధికారి దృష్టిలో మాత్రం మనుషులు లేని స్థలం ఖాళీ స్థలం. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఖాళీ అనుకున్న చోట్లలో కుకీలను స్థిరపడనిచ్చారు. జెమెలు తిరిగి వచ్చేసరికి వారి నేలలో వేరే ఊరు ఉండేది. ఉన్న కొద్ది నేలనే వదలకుండా దున్నుకోవలసి రావడంతో పంట తగ్గి ఆకలి పెరిగింది. జడోనాంగ్, గైడిన్‌ల్యూల మాట అంత త్వరగా ఆ ఊళ్లలో పాకడానికి ఇది ముఖ్య కారణమని నేను నమ్ముతాను. మా మన్యంలో పోడు మీద ఆంక్షలు రంప తిరుగుబాటుకు ఎలా దారి తీశాయో చిన్నప్పటి నుంచీ విన్నవాడిని కనుక నాకు ఇది వెంటనే అర్థమైంది.

సరిహద్దు_చూపు
పాడేరు_వాసి గారు చెప్పింది నిజమే అయినా అందులో కుకీలు కేవలం ఆక్రమణదారులుగా కనిపిస్తున్నారు. వారు కూడా దక్షిణాన లుషాయీల దాడులకు తట్టుకోలేక ఉత్తరానికి తరలి వచ్చినవారే. బ్రిటిష్ వారు తమ సరిహద్దుకు కాపలాగా పనికొస్తారని వారిని ఆ కొండల్లో కూర్చోబెట్టి, వారితో ఒక దళాన్ని కూడా ఏర్పాటు చేశారు. నేను సైన్యంలో ఉండగా ఆ ప్రాంతంలో పనిచేశాను. రెండు వైపుల ముసలివారి మాటలూ విన్నాను. ఎవరి బాధ వారికి ఉంది. బయటివారమైన మనం ఒకరి పక్షాన తీర్పు చెప్పకూడదు.

పాడేరు_వాసి
తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఖాళీ భూమి అని రాసుకున్న కలం ఎవరిదో అదే చెప్పాను. ఆ కలం కుకీలది కాదు.

పక్షుల_పుస్తకం
మైదానవాసి గారి ఫిర్యాదు జటింగాతో మొదలైంది కనుక ఆ విషయం తేల్చుకుందాం. అక్కడ పక్షులు ఆత్మహత్య చేసుకోవు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, వెన్నెల లేని రాత్రుల్లో, పొగమంచు కమ్మి, గాలి ఒక దిక్కు నుంచి వీచినప్పుడు, లోయలో నివాసముండే పక్షులు కలవరపడి పైకి లేచి, ఊరి దీపాల వైపు వస్తాయి. వెలుగుకు దిమ్మెరపోయి నేల మీద వాలిన వాటిని జనం పొడవైన వెదురు గడలతో కొట్టి తినేవారు. ఇది ఒక సన్నని కొండ అంచున కొద్ది దూరం మేరకే జరుగుతుంది. ఇ. పి. జీ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని బయటి ప్రపంచం దృష్టికి తెచ్చారు. 1970ల చివర భారత జంతుశాస్త్ర సర్వే తరఫున సుధీర్ సేన్‌గుప్తా పరిశోధించారు. ఈ మధ్యకాలంలో చంపడం బాగా తగ్గింది, వచ్చే పక్షులు కూడా తగ్గాయి. డిసెంబరులో వెళ్తే ఎలాగూ కనిపించవు.

పాఠకురాలు_విజయనగరం
మరి జెమెలు భయపడి పారిపోయారన్న కథ అబద్ధమా?

పక్షుల_పుస్తకం
జటింగాలో ఇప్పుడు ఉండేవారు ప్రధానంగా జైంతియాలు. అంతకు ముందు అక్కడ జెమెలు ఉండేవారని, రాత్రి మంటల దగ్గరకు పక్షులు వచ్చి పడడం చూసి దుష్టశక్తుల పని అనుకున్నారని, 1905 ప్రాంతంలో ఆ స్థలాన్ని జైంతియాలకు ఇచ్చి వెళ్లారని స్థానికంగా చెప్పుకుంటారు. ఆ కథలో ఒక అంశాన్ని గమనించండి. అక్కడివారు చెప్పేదాని ప్రకారం జెమెలు స్థలాన్ని ఇచ్చి వెళ్లారు. పారిపోయారన్నది మన వ్యాసకర్తలు చేర్చినది.

పాడేరు_వాసి
ఊరు మార్చడం జెమెల వ్యవసాయ పద్ధతిలోనే ఉందని పైన రాశాను. నేల అలసిపోవడం వల్ల వెళ్లారా, పక్షుల వల్ల వెళ్లారా అన్న ప్రశ్న ఆ వ్యాసకర్తల్లో ఒక్కరికైనా రావలసింది. దయ్యాల కథ చదివించడానికి బాగుంటుంది కాబట్టి అదే మిగిలింది.

పట్టాల_మనిషి
రైల్వే ఇంజనీరింగ్ విభాగంలో ఉద్యోగరీత్యా లుమ్డింగ్-సిల్చర్ మార్గాన్ని బాగా ఎరుగుదును. పాత మీటర్ గేజ్ లైను ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అస్సాం బెంగాల్ రైల్వే వారు వేసినది. బరాయిల్ కొండలను తొలిచి సొరంగాల మీద సొరంగాలు తవ్వుతూ, ఎందరో కూలీల ప్రాణాలు బలిపెట్టి దాన్ని పూర్తి చేశారు. 2014 అక్టోబరులో దాన్ని మూసి, 2015లో బ్రాడ్ గేజ్ తెరిచారు. ఇప్పుడు మీరు దిగవలసింది న్యూ హాఫ్లాంగ్ స్టేషనులో. ఊరు అక్కడి నుంచి కొండ పైకి ఉంటుంది. తిరువనంతపురం నుంచి సిల్చర్ వెళ్లే వారపు బండి విజయవాడ మీదుగానే పోతుంది కనుక మన విద్యార్థులకు అది ఎంతో ఉపయోగం.

ఒక హెచ్చరిక. అక్కడి కొండలు మెత్తని మట్టివి. 2022 మేలో కురిసిన వానలకు న్యూ హాఫ్లాంగ్ స్టేషను మొత్తం బురదలో మునిగి, నిలిపి ఉంచిన ఖాళీ బోగీలు ఒరిగిపోయాయి. దారి తిరిగి తెరుచుకోవడానికి జూలై దాకా పట్టింది. వర్షాకాలంలో వెళ్లకండి. డిసెంబరు మంచిదే.

నిజాం_కాలేజి_పాత
2009లో దిమాసాలకు, జెమెలకు మధ్య ఘర్షణలు జరిగి గ్రామాలు తగలబడ్డాయి కదా. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారని అప్పట్లో చదివాను. మైదానవాసి గారు అక్కడికి వెళ్లినప్పుడు ఆ విషయం అడిగి తెలుసుకుంటే బాగుంటుంది. 2010లో జిల్లా పేరు మార్చినప్పుడు కూడా దిమాసాలు కానివారు అభ్యంతరం చెప్పారు. ఆ రెంటికీ సంబంధం ఉందనుకుంటాను.

సరిహద్దు_చూపు
దయచేసి అడగవద్దు. ఇల్లు తగలబడిన మనిషిని చుట్టపుచూపుగా వచ్చిన అపరిచితులు ఆ రాత్రి గురించి చెప్పమనడం మర్యాద కాదు. వారంతట వారు చెబితే వినండి. ఈనాడు సంతలో, బడిలో, ఆసుపత్రిలో ఆ రెండు సమాజాలవారు పక్కపక్కనే ఉంటున్నారు. ఆ శాంతి వారు కష్టపడి నిలబెట్టుకుంటున్నది.

నిజాం_కాలేజి_పాత
ప్రశ్నే అడగకపోతే మనకు మళ్లీ పక్షుల కథలే మిగులుతాయి. మర్యాదగా అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది.

బరాక్_లోయ
ఈ విషయంలో సరిహద్దు_చూపు గారితో ఏకీభవిస్తాను. నా సహాధ్యాయి ఇంట్లో ఆ సంవత్సరం గురించి నేను ఎన్నడూ అడగలేదు. చదువు పూర్తయి విడిపోయేటప్పుడు అతని తల్లి తానుగా చెప్పింది. అది ఇక్కడ రాయను.

పేరు సంగతి మాత్రం చెప్పవచ్చు. స్వయంపాలక మండలిలోనూ జిల్లా పేరులోనూ ఒక్క తెగదే పైచేయి అయిందని జెమెలు, హ్మార్లు, కుకీలు, ఇతరులు భావించి, జిల్లాను రెండుగా విడదీయాలని కోరుతూ వచ్చారు. దిమాసాల వాదన కూడా వినవలసిందే. ఈ కొండలు తమ పూర్వపు కచారీ రాజ్యంలో భాగమని, మైబాంగ్ తమ రాజధాని అని వారు గుర్తు చేస్తారు.

పాడేరు_వాసి
స్వయంపాలక మండలి అంటే ఏమిటో మనవారికి ఒక మాట చెప్పాలి. మా పాడేరు ప్రాంతం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం ఉంది, కానీ చట్టాలు చేసే అధికారం గిరిజనుల చేతిలో లేదు. హాఫ్లాంగ్ ఆరో షెడ్యూలు కిందికి వస్తుంది. అక్కడి మండలికి భూమి, రిజర్వులో లేని అడవి, పోడు, గ్రామ పాలన, వారసత్వం, వివాహం వంటి విషయాల్లో స్వయంగా చట్టాలు చేసుకునే అధికారం ఉంది. సభ్యులు ముప్పైకి మించకూడదు. ఇంత అధికారం ఉన్న మండలి కనుకనే అందులో ఎవరికి ఎన్ని స్థానాలన్నది చిన్న తెగలకు ప్రాణసమస్య అవుతుంది. మాకు అంత అధికారం లేదని నేను ఉద్యోగమంతా బాధపడ్డాను. అది ఉన్నచోట ఈ చిక్కు ఉంది.

దీపపు_వెలుగు
మా చర్చి తరఫున కొన్నాళ్లు ఆ జిల్లాలో ఉపాధ్యాయినిగా ఉన్నాను. పై చర్చ చదివితే జెమెలందరూ గైడిన్‌ల్యూ మతాన్నే అనుసరిస్తారని అనిపించవచ్చు. జెమెలలో క్రైస్తవులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బడులు, ఆసుపత్రులు, రోమన్ లిపిలో వారి భాషా పుస్తకాలు చర్చి వల్లనే వచ్చాయి. వారిని కూడా జెమెలుగానే చూడాలి.

కొండదారి
నిస్సందేహంగా చూడాలి. జడోనాంగ్ మొదలుపెట్టి గైడిన్‌ల్యూ పెంచిన మతాన్ని హేరకా అంటారు. తింగ్‌వాంగ్ అనే ఒకే పరమ దైవాన్ని పూజిస్తారు. ప్రార్థనా మందిరాన్ని కెలుమ్‌కి అంటారు. ప్రతి చిన్న కారణానికీ కోడినో పందినో బలి ఇవ్వవలసిన పాత ఆచారాలు పేద కుటుంబాలను కుంగదీసేవి. హేరకా వాటిని ఒక్కొక్కటిగా వదిలించింది. క్రైస్తవానికి మారకుండానే కొత్త కాలానికి తగినట్టు మారవచ్చని అది చూపింది. ఇటీవలి దశాబ్దాల్లో హిందూ సంస్థలు హేరకాతో సన్నిహితంగా పనిచేస్తున్నాయి. హేరకావారిలో కొందరు దాన్ని స్వాగతిస్తారు. మరికొందరు తమది తమదైన మతమని, మరొక మతంలో శాఖ కాదని పట్టుబడతారు. ఒకే కుటుంబంలో అన్న చర్చికి, తమ్ముడు కెలుమ్‌కికి వెళ్లడం కూడా ఉంది.

దీపపు_వెలుగు
అది నేనూ చూశాను. వరి కోతలప్పుడు ఆ అన్నదమ్ములు ఒకే చేనులో పనిచేసేవారు.

చరిత్రాభిమాని
మరొక పేరు చేర్చాలి. ఉర్సులా గ్రాహమ్ బోవర్ అనే ఆంగ్ల యువతి రెండో ప్రపంచ యుద్ధానికి కొద్దిగా ముందు ఈ ప్రాంతానికి వచ్చి, హాఫ్లాంగ్‌కు తూర్పున ఉన్న లైసాంగ్ గ్రామంలో జెమెల మధ్య నివసించింది. కొందరు గ్రామస్థులు జైలులో ఉన్న తమ రాణియే ఈ రూపంలో వచ్చిందని నమ్మారు. జపాను సేనలు మణిపూర్ వైపు వచ్చినప్పుడు ఆమె జెమె యువకులతో కొండదారుల మీద నిఘా దళాన్ని నడిపింది. పదేళ్ల కిందట బ్రిటిష్ తుపాకులకు ఎదురు నిలిచిన ఊళ్ల నుంచే ఆ యువకులు వచ్చారన్నది నన్ను ఆలోచనలో పడేస్తుంది.

కొండదారి
వారు సామ్రాజ్యం కోసం వచ్చారని నేను అనుకోను. తమ ఊళ్లో ఉండి, తమ తిండి తిని, తమ భూమి కష్టాన్ని అధికారులకు చెప్పిన మనిషి పిలిచింది కాబట్టి వచ్చారు.

మైదానవాసి
అందరి రాతలూ మా ఆవిడకు చదివి వినిపించాను. పక్షుల ప్రయాణంగా అనుకున్నది ఇప్పుడు హంగ్రుమ్, లైసాంగ్ చూడాలన్న కోరికగా మారింది. ఆచరణకు సంబంధించి మూడు సందేహాలు. అనుమతి పత్రం కావాలా? మేమిద్దరం శాకాహారులం, ఇబ్బంది అవుతుందా? చేనేత శాలువా కొనాలని ఆవిడ కోరిక, ఎక్కడ దొరుకుతుంది?

బరాక్_లోయ
అస్సాం కనుక హాఫ్లాంగ్‌కు అనుమతి పత్రం అక్కరలేదు. అక్కడి నుంచి పెరెన్ వైపు వెళ్లదలిస్తే నాగాలాండ్ ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి, ముందే తీసుకోండి. హంగ్రుమ్, లైసాంగ్ దారులు కష్టమైనవి. హాఫ్లాంగ్‌లోనే స్థానిక వాహనం మాట్లాడుకుని, తెలిసిన వ్యక్తి ద్వారా గ్రామ పెద్దకు ముందే కబురు పంపండి. చెప్పకుండా ఊళ్లోకి వెళ్లి ఫొటోలు తీయడం బాగుండదు.

భోజనం విషయంలో పట్టణంలో అన్నం, పప్పు, కూర దొరుకుతాయి. గ్రామంలో పొగబెట్టిన పంది మాంసం, వెదురు చిగుళ్లు, బియ్యం సారా అతిథి మర్యాదలో భాగం. శాకాహారులమని ముందే చెబితే ఎవరూ బాధపడరు, ఉడికించిన ఆకుకూరలు పెడతారు. వడ్డించిన తరువాత కాదంటే మాత్రం ఆ ఇంటి ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది.

దీపపు_వెలుగు
శాలువా సంతలో కాకుండా నేసిన మనిషి దగ్గరే కొనమని ఆవిడకు చెప్పండి. జెమె స్త్రీలు నడుముకు పట్టీ కట్టుకుని నేసే మగ్గం మీద ఇంట్లోనే నేస్తారు. ఒక్కొక్కటి పూర్తి కావడానికి రోజుల తరబడి పడుతుంది కనుక ధర దగ్గర బేరమాడవద్దు. నేను పనిచేసిన ఊళ్లో నేతగత్తెలు ఉన్నారు. బయలుదేరే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, అక్కడి మా పాత సహోద్యోగినికి కబురు చేస్తాను.